బీబీసీ మైక్రోని ఫైబర్ నెట్‌కి కలపాలి: ఉలుకూ లేదు, పలుకూ లేదు

#1 మారతహళ్లి_మైక్రో
మా నాన్నగారు లెక్కల మాస్టారు. 1998లో వాళ్ల స్కూల్లో పాత సామాను వేలం వేస్తే 400 రూపాయలకి బీబీసీ మైక్రో మోడల్ బి అనే 80ల నాటి కంప్యూటర్ ఒకటి పాడుకున్నారు. అనంతపురం ఇంట్లో అటక మీద దుప్పటి కప్పుకుని ఇన్నేళ్లూ ఉంది. పోయిన వేసవిలో ఆ ఇల్లు ఖాళీ చేసి నాన్న మా దగ్గరికి బెంగళూరు వచ్చేశారు. బీరువాలు, మంచాలు అన్నీ లారీ ఎక్కాయి. ఇది మాత్రం కారులో ఆయన ఒళ్లో కూర్చుని వచ్చింది.

స్విచ్ వేస్తే ఇప్పటికీ రెండు కూతలు కూసి "బీబీసీ కంప్యూటర్ 32కె" అని చూపిస్తోంది. మొన్నొక రోజు నాన్న "ఇంట్లో అంత నెట్టు ఉంది కదా, దీనికి కూడా కాస్త ఇవ్వరాదూ" అన్నారు, కుండీలో మొక్కకి నీళ్లు పోయమన్నంత తేలిగ్గా.

ఎస్పీ రోడ్డులో 8266 చిప్పున్న వైఫై మోడెమ్ బోర్డు ఒకటి కొన్నా. దానికి కరెంటు ఫోన్ చార్జర్ నుంచి. మైక్రో వెనకాల ఆర్ఎస్423 సాకెట్ (అక్షరాలు వరసగా పంపి అందుకునే సీరియల్ పోర్టు) నుంచి మూడు వైర్లు లాగా: పంపేది, అందుకునేది, గ్రౌండు. బేసిక్‌లో ఇరవై లైన్ల టెర్మినల్ ప్రోగ్రాం రాశా. మోడెమ్‌ని పలకరించే ఏటీ అనే కమాండ్ కొడితే ఓకే అని రావాలి కదా? ఉలుకూ లేదు, పలుకూ లేదు. నాలుగు ఆదివారాలు గడిచాయి. రూటర్ దగ్గర 200 ఎంబీపీఎస్ వస్తోంది. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

#2 ఏకాంబరం_8బిట్
ల్యాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ (మైక్రోలా నటించే ప్రోగ్రాం) వేసుకో తమ్ముడూ. అయిదు నిమిషాల పని.

#3 మారతహళ్లి_మైక్రో
ఎమ్యులేటర్ని ఒళ్లో పెట్టుకుని అనంతపురం నుంచి ఎవరూ తీసుకురారు కదన్నా.

#4 సోల్డర్_సరోజ
నెట్టు సంగతి తర్వాత. ముందు ప్లగ్గు పీకేయండి.

ఆ మెషీన్ పవర్ సప్లై ఎప్పుడైనా విప్పి చూశారా? లోపల మెయిన్స్ ఫిల్టర్ దగ్గర లేత పసుపు రంగులో, గాజులా కనిపించే డొక్కుతో కెపాసిటర్లు ఉంటాయి. లోపలంతా కాగితం. ఏళ్లు గడిచేకొద్దీ ఆ డొక్కు బీటలు వారి తేమ పీలుస్తుంది. అటక మీద పాతికేళ్లున్న మెషీన్‌కి కరెంటు పెడితే ఒక రోజు పది నిమిషాల్లో, ఒక రోజు గంటలో ఢాం అంటుంది. నా దగ్గరున్నది పన్నెండో నిమిషంలో పేలింది. పొగ సరే, ఆ వాసన! పక్క ఫ్లాటు ఆంటీ గ్యాస్ లీకని మెయిన్ వాల్వు కట్టేసి, సెక్యూరిటీని వెంటబెట్టుకుని వచ్చారు.

ప్లగ్గు పీకాక కాసేపు ఆగి విప్పండి. పెద్ద కెపాసిటర్లో కరెంటు మిగిలి ఉంటుంది, వేలు పెట్టకండి. అలవాటు లేకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి.

#5 మారతహళ్లి_మైక్రో
సరోజక్కా, ఇప్పుడే విప్పి చూశా. రెండూ ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉన్నాయి. నాలుగు ఆదివారాలు వీటి పక్కనే కూర్చుని కాఫీ తాగాను. రేపే ఎస్పీ రోడ్డు.

#6 సోల్డర్_సరోజ
ఎక్స్2 రకం అని అడిగి తీసుకోండి. మామూలువి పెట్టకూడదు.

#7 రిచీస్ట్రీట్_రాజా
చెన్నై నుంచి. మీ పోస్టులో ఒక మాట కంగారు పెట్టింది. మైక్రో ఆర్ఎస్423 తీగ మీద ప్లస్ 5, మైనస్ 5 వోల్టులు ఆడుతుంటాయి. 8266 చిప్పు 3.3 వోల్టుల ప్రాణి. మధ్యలో మ్యాక్స్3232 లాంటి లెవెల్ మార్చే చిప్పు ఉందా? లేకుండా నేరుగా కలిపి ఉంటే ఆ బోర్డు మీద ఆశ వదులుకోవాలి.

రెండో మాట. ఆ సాకెట్‌కి అయిదు పిన్నులు, పాచిక మీద అయిదు చుక్కల్లా ఉంటాయి. ప్లగ్గు తలకిందులుగా కూడా దూరుతుంది. మధ్యది గ్రౌండు కాబట్టి అది ఎటు పెట్టినా సరిగ్గానే ఉంటుంది. మిగతా నాలుగూ తారుమారవుతాయి. నాకు రెండు వారాలు పట్టింది అది తెలియడానికి. రిచీ స్ట్రీట్‌లో నాలుగు కొట్లు తిరిగి కేబుల్ మార్పించాను కూడా. కేబుల్‌కి ఏమీ కాలేదు, బుద్ధే తిరగబడి ఉంది.

#8 కమొడోర్_కిట్టు
వైఫై బోర్డుకి కరెంటు విడిగా ఇచ్చాడు, అది మంచి పని. నా కమొడోర్ 64కి యూజర్ పోర్టు నుంచే ఇచ్చాను. ఆ 5 వోల్టుల పిన్ను 100 మిల్లీఆంపులకి మించి ఇవ్వదు. 8266 వైఫై మీద మాట్లాడేటప్పుడు 300 దాకా గుంజుతుంది. నెట్‌వర్క్ దొరకగానే మెషీన్ రీసెట్టయ్యేది. "నెట్ వచ్చిందా" అని మా ఆవిడ అడిగితే "వచ్చి వెళ్లింది" అనేవాణ్ణి.

#9 మారతహళ్లి_మైక్రో
కెపాసిటర్లు మార్చా. మ్యాక్స్3232 బోర్డు మీదే ఉంది, బతికిపోయా. రాజా గారూ, మీకు దండం. ప్లగ్గు తిప్పి పెట్టగానే బోర్డు ఆన్ చేసిన క్షణంలో తెర మీద ఒక గుప్పెడు పిచ్చి గీతలు పడ్డాయి! చెత్తే, కానీ మొట్టమొదటి చెత్త. ఏటీ కొడితే మాత్రం ఇంకా మౌనమే.

#10 రిచీస్ట్రీట్_రాజా
ఆ చెత్త మామూలే. 8266 నిద్ర లేవగానే 74880 బాడ్‌లో (అంటే సెకనుకి అన్ని బిట్ల వేగంలో) ఏదో గొణుగుతుంది. ఆ వేగం పాత మెషీన్లు దేనికీ అర్థం కాదు. గొణుగుడు వినిపించిందంటే ఆ వైపు వైరు బాగున్నట్టే. ఇక మీ మాట దానికి చేరాలి.

#11 సోల్డర్_సరోజ
మూడే వైర్లు అన్నారుగా. మైక్రోకి సీటీఎస్ పిన్ను మీద "సరే, పంపు" అనే సైగ కనబడితే తప్ప ఒక్క అక్షరం బయటికి వదలదు. మర్యాదస్తురాలు. ప్లగ్గులోనే "నేను సిద్ధం" అని మైక్రో చెప్పే ఆర్‌టీఎస్, ఈ సీటీఎస్ రెండు పిన్నులూ ఒక చిన్న వైరు ముక్కతో కలిపేయండి. తన సైగే తనకి కనిపించి, అవతలివాళ్లు రమ్మన్నారనుకుంటుంది.

#12 స్కిట్_పాపి
ఆర్‌టీఎస్ అనగానే ఉలిక్కిపడి లేచా. మా రోజుల్లో ఆర్‌టీఎస్ అంటే రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్. 90ల్లో స్కిట్ అనే తెలుగువాళ్ల న్యూస్‌గ్రూపులో (నెట్‌లో చర్చావేదిక) తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పద్ధతిలోనే రాసుకునేవాళ్లం. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. ఒక్క షిఫ్ట్ తప్పితే తాత కాస్తా టాటా అయి కూర్చునేవాడు.

#13 ఏకాంబరం_8బిట్
నాకు ఆర్‌టీఎస్ అంటే బస్సు గుర్తొచ్చింది, చివర ఒక అక్షరం తేడాతో.

#14 మారతహళ్లి_మైక్రో
వైరు ముక్క వేశా. బోర్డు మీద నీలం లైటు నేను కొట్టే ప్రతి అక్షరానికీ మిణుక్కుమంటోంది. అంటే నా మాట చేరుతోంది. కానీ జవాబు లేదు. అందుకునే వేగానికి స్టార్ ఎఫ్ఎక్స్ 7,7 అనీ పంపే వేగానికి స్టార్ ఎఫ్ఎక్స్ 8,7 అనీ పెట్టాను, రెండు వైపులా 9600.

#15 రిచీస్ట్రీట్_రాజా
మీ వైపు 9600 సరే, బోర్డు ఎంతలో ఉంది? ఇలాంటివి చాలావరకు 115200లో పెట్టి అమ్ముతారు. మైక్రో 19200 దాటి పోలేదు, అది కూడా నమ్మకం లేదు. ముందు బోర్డుని ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీతో తగిలించి, అక్కడ 9600కి మార్చి, సేవ్ చేసి, అప్పుడు మైక్రోకి తీసుకురండి. పెళ్లిచూపులకి ముందు అబ్బాయికి కాస్త నిదానంగా మాట్లాడమని చెప్పడం లాంటిది.

#16 మారతహళ్లి_మైక్రో
ఓకే వచ్చింది!!! తెర మీద రెండే అక్షరాలు. నాన్నని పిలిచి చూపించా. "దీనికేనా అయిదు వారాలు" అన్నారు.

ఇప్పుడు వైఫై దొరకట్లేదు. పాస్‌వర్డు పదిసార్లు సరిచూశా. ఫోన్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

#17 కమొడోర్_కిట్టు
8266కి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. 5 గిగాహెర్ట్జ్ దాని కంటికి ఆనదు. మీ రూటర్‌లో రెండూ ఒకే పేరుతో కలిసి ఉన్నాయేమో, విడదీసి 2.4కి వేరే పేరు పెట్టండి. సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కదానికే పెట్టి ఉంటే డబ్ల్యూపీఏ2కి దింపండి. గెస్ట్ నెట్‌వర్క్‌గా పెడితే ఇంకా మంచిది, మిగతా ఇంటి జోలికి రాదు.

#18 మారతహళ్లి_మైక్రో
కిట్టు గారూ, సరిగ్గా అదే. "తాతయ్య" అని ఒక నెట్‌వర్క్ పెట్టాం, పేరు మా పాప పెట్టింది. ఐపీ అడ్రస్ వచ్చేసింది. ఏటీడీటీ (డయల్ కమాండ్) కొట్టి ఫ్లడ్‌గ్యాప్ వాళ్ల గోఫర్ (పాతకాలపు అక్షరాల మెనూల నెట్టు) సర్వర్‌కి, పోర్టు 70కి డయల్ చేశా. కనెక్ట్ అని వచ్చింది. రిటర్న్ కొడితే ఏమీ రాలేదు. తర్వాత తెలిసింది, మైక్రో రిటర్న్ కీ 13 అనే కోడ్ ఒక్కటే పంపుతుంది, గోఫర్‌కి 13, 10 రెండూ కావాలి. ప్రోగ్రాంలో ఒక లైను కలిపా, మెనూ దిగింది.

దిగడం దిగింది గానీ సగం తినేస్తోంది. మొదటి తొమ్మిది పది వరుసలు ముత్యాల్లా వస్తాయి. ఆ తర్వాత పళ్లూడిన దువ్వెనే. మాటలో రెండు అక్షరాలుంటే నాలుగు ఉండవు. చిన్న జవాబులు మాత్రం ఎప్పుడూ బాగానే వస్తున్నాయి.

#19 షెల్_శాస్త్రి
ఇది చదువుతుంటే 1996 మద్రాసు కళ్ల ముందు కొచ్చింది. వీఎస్ఎన్ఎల్ వాళ్లు 1995 ఆగస్టు 15న జనానికి ఇంటర్నెట్ ఇచ్చారు. నాలాంటి స్టూడెంట్లకి షెల్ అకౌంటే గతి. బొమ్మల్లేవు, మౌసు లేదు. లింక్స్‌లో పేజీలు, పైన్‌లో మెయిలు, అన్నీ అక్షరాలే. మా పిన్ని పక్కగదిలో రెండో ఫోను ఎత్తి "హలో" అనగానే తెర నిండా ఇలాగే పిచ్చి అక్షరాలు పడేవి. ఆమె పెట్టేశాక మళ్లీ డయలింగు.

నేను చెప్పేదేమిటంటే, ఆ షెల్ అకౌంట్‌కి మీ మైక్రో హాయిగా సరిపోయేది. అప్పటి నెట్టు ఆ మెషీన్ మాట్లాడే భాషే మాట్లాడింది. ఇప్పటిది మాట్లాడదు.

#20 ఏకాంబరం_8బిట్
శాస్త్రిగారూ, మరి ఇప్పుడు వార్తల సైటు ఏదైనా తెరిస్తే?

#21 షెల్_శాస్త్రి
తెరుచుకోదు. అన్నీ హెచ్‌టీటీపీఎస్. ఆ తాళం తీసే లెక్కలు మైక్రోలోని 2 మెగాహెర్ట్జ్ 6502 ప్రాసెసర్ చేత చేయించబోతే అవతలి సర్వర్ విసిగి ఫోన్ పెట్టేస్తుంది. సరే, తాళం లేదనే అనుకుందాం. 9600 బాడ్ అంటే సెకనుకి 960 అక్షరాలు. ఇవాళ 2 ఎంబీ పేజీ అంటే మామూలు విషయం. అది దిగడానికి 36 నిమిషాలు. దిగి ఎక్కడ కూర్చుంటుంది? మెమరీ మొత్తం 32 కేబీ.

#22 స్పెక్ట్రం_సూరి
మన దేశంలో డీబీ పేరుతో అమ్మిన స్పెక్ట్రం ప్లస్ నా దగ్గర ఉంది. దానికి స్పెక్ట్రానెట్ అని ఈథర్‌నెట్ కార్డు పెట్టా. అందులో డబ్ల్యూ5100 చిప్పు టీసీపీ/ఐపీ తతంగమంతా తనే చూసుకుంటుంది, ఒకేసారి నాలుగు సాకెట్లు. సీరియల్ పోర్టు గోలే లేదు. అటారీ వాళ్ల ఫూజినెట్ ఇంకా నయం, దాన్లో ఈఎస్‌పీ32 ఉంటుంది కాబట్టి ఆ హెచ్‌టీటీపీఎస్ తాళం కూడా అదే తీసి లోపలి సరుకు అందిస్తుంది.

#23 మారతహళ్లి_మైక్రో
అన్నలూ, నా దువ్వెన సంగతి చూడండి ముందు 🙏

#24 సోల్డర్_సరోజ
నేను చెప్పిన వైరు ముక్క వల్లే ఈ తంటా. ఒప్పుకుంటున్నా.

మైక్రోలో సీరియల్ నుంచి వచ్చే అక్షరాలు దాచుకునే తొట్టి 256 బైట్లు. అది నిండబోతుంటే, ఇంకో తొమ్మిదికి చోటుందనగా, మైక్రో ఆర్‌టీఎస్ సైగతో "ఆగండి" అంటుంది. ఆ సైగ ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? ఎవరూ లేరు. దాన్ని తీసుకెళ్లి తన సీటీఎస్‌కే కట్టేశాం. మోడెమ్ పోస్తూనే ఉంటుంది. మీ బేసిక్ ప్రోగ్రాం అక్షరం అక్షరం చెంబుతో తోడుతోంది. తోడేది తక్కువ, వచ్చేది ఎక్కువ. 256 నిండేలోపు ఓ వంద తోడేస్తుంది కాబట్టి తొమ్మిదో వరుస దాకా బాగుంది. 40 అక్షరాల చొప్పున లెక్కేసుకోండి, సరిపోతుంది.

#25 మారతహళ్లి_మైక్రో
నాన్నకి ఈ పోస్టు చదివి వినిపించా. "తొట్టి లెక్క! ఏడో తరగతి!" అని ఎగిరి గంతేశారు.

#26 కమొడోర్_కిట్టు
దీనికంత వైరింగు ఎందుకు? వేగం 1200కి దించండి. సెకనుకి 120 అక్షరాలే వస్తాయి, బేసిక్ తేలిగ్గా తోడుతుంది. స్టార్ ఎఫ్ఎక్స్ 7,4, స్టార్ ఎఫ్ఎక్స్ 8,4. బోర్డులో కూడా 1200. అయిపోయింది.

#27 సోల్డర్_సరోజ
200 ఎంబీపీఎస్ ఇంట్లో పెట్టుకుని 1200 బాడా? నిండు తెర రావడానికి 8 సెకన్లు పడుతుంది కిట్టూ. రోగానికి మందు వేయకుండా రోగిని నడవొద్దంటావా.

#28 కమొడోర్_కిట్టు
నడవొద్దనలేదు, నెమ్మదిగా నడవమన్నా.

#29 రిచీస్ట్రీట్_రాజా
సరోజ గారి వైపే నా ఓటు. ఆ పని ఎలా చేయాలో చెప్తా. మ్యాక్స్3232లో రెండు జతల దారులుంటాయి. చౌక బోర్డుల్లో ఒక్క జతే వాడి రెండోది ఖాళీగా వదిలేస్తారు. మీ బోర్డులో ఏది ఖాళీగా ఉందో భూతద్దంతో చూడండి. రెండో జత ఖాళీ అయితే 8వ కాలు లోపలికి, 9వ కాలు బయటికి. మైక్రో ఆర్‌టీఎస్ వైరు 8కి, 9 నుంచి 8266 జీపీఐఓ 13 పిన్నుకి. ఆ 13వ నంబరే దాని సీటీఎస్. ఫర్మ్‌వేర్‌లో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఆన్ చేయడం మర్చిపోకండి, లేకపోతే వైరు అలంకారానికే. మైక్రో సీటీఎస్‌కి కావాలంటే 10, 7 కాళ్ల దారిలో జీపీఐఓ 15 నుంచి తెచ్చుకోవచ్చు.

#30 స్పెక్ట్రం_సూరి
కాళ్ల మధ్య దూరం చూసుకో బాబూ. చిన్న సైజు చిప్పు అయితే కాలికీ కాలికీ మధ్య మిల్లీమీటరున్నర కూడా ఉండదు.

#31 మారతహళ్లి_మైక్రో
శనివారం రాత్రి పదింటికి మొదలుపెట్టా. ఒంటి పోగు సన్నని వైరు, మొన కొంచెం టిన్నింగ్ చేసి, 8వ కాలి మీద ఆనించి ఐరన్ తాకించా. మొదటిసారి 7కి, 8కి కలిపి వంతెన కట్టేశా. రాగి వత్తితో పీల్చి మళ్లీ. నాన్న టార్చి పట్టుకున్నారు, రెండో చేత్తో భూతద్దం. ఊపిరి బిగబట్టారు, నేను కూడా. 9వ కాలు ఒక్క దెబ్బకే పట్టింది.

పదకొండున్నరకి గోఫర్ మెనూ 9600లో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వచ్చింది. మధ్యమధ్యలో క్షణం ఆగుతోంది. అంటే "ఆగండి" అని మైక్రో అంటోంది, మోడెమ్ వింటోంది. ఆ ఆగడం చూస్తుంటే ఎంత ముచ్చటగా ఉందో.

#32 సోల్డర్_సరోజ
👏👏 నాన్నగారికి టార్చి డిపార్ట్‌మెంటు తరఫున అభినందనలు.

#33 పాతమోడెమ్_ప్రసాదు
ఆలస్యంగా చూశా. ఫైబర్ పెట్టెకి వెనకాల ఫోన్ సాకెట్ ఉంటుంది కదా. అసలైన పాత మోడెమ్ ఒకటి దానికి తగిలించి డయల్ చేస్తే ఆ కీచు శబ్దంతో సహా మజా వచ్చేది.

#34 రిచీస్ట్రీట్_రాజా
ఆ సాకెట్‌లో వచ్చేది నిజం లైను కాదు, గొంతుని ప్యాకెట్లు చేసి పంపుతారు. మనిషి మాటకి చాలు. గొంతుని కుదించే కోడెక్ పడితే మోడెమ్ కూత ముద్దయిపోతుంది. కుదించని జీ.711 పడితే 300, 1200 బాడ్ నడిచే అవకాశం ఉంది. ఆపైన కష్టం. అయినా అవతల ఎత్తేవాడు ఎవడు?

#35 షెల్_శాస్త్రి
మా పిన్ని ఎత్తుతుంది.

#36 మారతహళ్లి_మైక్రో
ఇప్పుడు అసలు కథ. నాన్నకి గోఫర్ అక్కర్లేదు, తుంగభద్ర డ్యాం నీటిమట్టం కావాలి. "నిండు మట్టం 1633 అడుగులు. దానికి ఎంత తక్కువుందో రోజూ పొద్దున్నే చూపిస్తే చాలు" అన్నారు. హైలెవెల్ కాలువకి నీళ్లొస్తే మా అనంతపురం వాళ్లకి పండగ. ఆ వివరాలన్నీ హెచ్‌టీటీపీఎస్ సైట్లలోనే ఉన్నాయి. ఎలా?

#37 స్పెక్ట్రం_సూరి
మధ్యలో రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ పెట్టు. అది సైటు తెరుస్తుంది, నీకు కావలసిన అంకె ఏరుతుంది, ఉత్త టెక్స్టుగా ఒక పోర్టులో పెట్టి కూర్చుంటుంది. మైక్రో దానికి డయల్ చేసి తెచ్చుకుంటుంది.

#38 ఏకాంబరం_8బిట్
పని మొత్తం పై చేస్తే మైక్రో నెట్‌కి వెళ్లినట్టా? పై వెళ్లింది. మైక్రో గుమ్మంలో కూర్చుని పేపరు చదివించుకుంది.

#39 కమొడోర్_కిట్టు
ఎమ్యులేటర్ వేసుకోమన్న మనిషికి ఇంత మడి ఎక్కడి నుంచి వచ్చిందో.

#40 షెల్_శాస్త్రి
1996లో నేను కూడా గుమ్మంలోనే కూర్చున్నా నాయనా. షెల్ అకౌంట్ అంటే నెట్‌లో ఉన్నది వీఎస్ఎన్ఎల్ వారి మెషీను. నా కంప్యూటర్ దాని తెర మాత్రమే. అయినా "నాకు ఇంటర్నెట్ ఉంది" అని హాస్టల్ అంతా చెప్పుకుని తిరిగా.

#41 ఏకాంబరం_8బిట్
సరే, ఒప్పుకున్నా. గుమ్మం కూడా ఇల్లే.

#42 పాతమోడెమ్_ప్రసాదు
నా సలహా: అదే మైక్రో మీద మీరే ఒక బులెటిన్ బోర్డు నడపండి, మేమందరం వచ్చి పలకరిస్తాం.

#43 స్పెక్ట్రం_సూరి
బయటి నుంచి లోపలికి రావడం అంత తేలిక కాదు ప్రసాదు గారూ. రూటర్‌లో బయటి ఐపీ ఎంత చూపిస్తోందో చూడమనండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే సీజీనాట్ వెనకాల ఉన్నట్టు. వీధి మొత్తానికి ఒకటే డోర్ నంబరు, పోస్ట్‌మ్యాన్ ఎవరింటికని తెస్తాడు? ఐపీవీ6 ఉంటే ఆ దారిన రావచ్చు, లేకపోతే బయట ఒక చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని రాస్ప్‌బెర్రీ పై నుంచి దానికి టన్నెల్ కట్టుకోవాలి. ఇంకోటి, పోర్టు 23 తెరిచి పెట్టకండి. 2016లో మిరాయ్ వైరస్ ఆ టెల్‌నెట్ గుమ్మాల నుంచే కెమెరాల్లో, రూటర్లలో దూరింది. ఇప్పటికీ ఆ తలుపు తట్టేవాళ్లు ఉన్నారు. టెల్‌నెట్‌లో ఏదీ దాపరికం ఉండదు, అసలు పాస్‌వర్డులు కొట్టొద్దు.

#44 మారతహళ్లి_మైక్రో
చూశా, 100.72 తో మొదలైంది. బులెటిన్ బోర్డు తర్వాత చూద్దాం.

రాస్ప్‌బెర్రీ పై పెట్టాను. స్క్రిప్టు రోజుకోసారి అంకె తెస్తుంది, 1633 లోంచి తీసేసి మిగిలింది పంపుతుంది. స్కిట్_పాపి గారి ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పెట్టా. నాన్న కళ్లజోడు పైకీ కిందకీ జరిపి "ఇది ఏ భాష?" అన్నారు.

#45 స్కిట్_పాపి
మా తరం అవమానాల్లో ఇదొకటి. మరి తెలుగు అక్షరాలే గీయండి. మైక్రోలో వీడీయూ 23 కమాండ్‌తో సొంత అక్షరం తయారు చేసుకోవచ్చు కదా?

#46 సోల్డర్_సరోజ
వీడీయూ 23లో ఎనిమిది గడులు అడ్డం, ఎనిమిది నిలువు. ర, గ, వ పడతాయి. "తుంగభద్ర"లో ద్ర దగ్గరే ఒత్తు ఎక్కడ పెడతారు? రెండు గడులు ఒకదాని కింద ఒకటి వాడినా గుణింతాలన్నిటికీ విడివిడిగా గీస్తూ కూర్చోవాలి.

రాస్ప్‌బెర్రీ పై చేతే గీయించండి. అది వాక్యం మొత్తం తెలుగు ఫాంటులో 320 అడ్డం, 256 నిలువు బొమ్మగా చేసి పంపాలి. మైక్రోలో మోడ్ 4 పెట్టి, వచ్చిన బైటు వచ్చినట్టు స్క్రీన్ మెమరీలో హెక్స్ 5800 నుంచి వరసగా పెట్టేయడమే. మొత్తం 10,240 బైట్లు. 9600లో 11 సెకన్లు.

#47 కమొడోర్_కిట్టు
మైక్రోలో స్క్రీన్ మెమరీ వరస చూసుకోండి. గీత గీతగా ఉండదు. ఎనిమిది బైట్లు ఒకదాని కింద ఒకటి పేర్చి, ఆ తర్వాత పక్క గడికి వెళ్తుంది. పైలో ఆ వరసకి మార్చి పంపకపోతే తుంగభద్రలో వరదొచ్చినట్టుంటుంది.

#48 మారతహళ్లి_మైక్రో
వరద వచ్చింది, తగ్గింది కూడా. నిన్న రాత్రి తుంగభద్ర అని తెలుగులో వచ్చింది, ద్ర వత్తుతో సహా. కింద అంకె. 11 సెకన్లు కాదు, బేసిక్ తోడుడు వల్ల ఇంకాస్త ఎక్కువే పట్టింది.

అసలు విషయం, సరోజక్కా కోప్పడొద్దు. 1200లో ఎలా ఉంటుందో చూద్దామని ఒకసారి పెట్టా. నాన్న "ఇలాగే ఉంచు" అన్నారు. తెర నిండడానికి 85 సెకన్లు. ఎడమ నుంచి గడి గడిగా అక్షరం పేరుకుంటుంటే, సగం కూడా పడకముందే ఏ మాటో చెప్పేస్తున్నారు. ఈ పొద్దున పాప కూడా పక్కన చేరింది. ఇద్దరికీ పందెం. నేను గెలికిన 8, 9 కాళ్లు ఇప్పుడు ఖాళీగా కూర్చున్నాయి.

#49 కమొడోర్_కిట్టు
నెమ్మదిగా నడవమన్నానా లేదా? 😎

#50 సోల్డర్_సరోజ
కోపం లేదు. ఆ వైర్లు పీకకండి మాత్రం. పాప పెద్దయ్యాక 9600 అడుగుతుంది.

#51 మారతహళ్లి_మైక్రో
పీకను. ఒక్క చిన్న సాయం. స్పేస్ బార్ ఎడమ వైపు నొక్కితే లోపలే ఇరుక్కుంటోంది, పాప బాగా బాదుతోంది. బెంగళూరులో ఎక్కడైనా దొరుకుతుందా?

#52 రిచీస్ట్రీట్_రాజా
కొత్తది కొనకండి. స్పేస్ బార్ తీస్తే కింద ఒక తీగ ఉంటుంది, అది కొంచెం వంగి ఉంటుంది చూడండి. టార్చి నాన్నగారికే ఇవ్వండి.